టీ గ్లాసు వేరే పెట్టిన చోట ఒత్తిడి ఎలా తగ్గుతుంది?

గూడూరు దగ్గర్లోని ఒక ఆఫీసులో కాంట్రాక్టు సిబ్బందికి 'పనిచోట ఒత్తిడిని జయించడం ఎలా' అని ఒక పూట శిక్షణ పెట్టారు. పరిశోధన పని మీద వెళ్ళిన నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. వచ్చిన శిక్షకుడు మంచివాడే. కళ్ళు మూసుకోమన్నాడు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి మెల్లగా వదలమన్నాడు, ఇంటి సమస్యలు గేటు బయటే వదిలి రమ్మన్నాడు. చివర్లో "సందేహాలుంటే అడగండమ్మా" అన్నాడు. ఊడ్చే పని చేసే ఒకామె లేచింది.

"సార్, ఈడ మాకు టీ గ్లాసులు వేరేగా పెడతా ఉండారు. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండతా ఉండాది. అప్పుడు గూడా నాలుగు లెక్కపెట్టుకుంటే సరిపోద్దా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. శిక్షకుడు ఒక్క క్షణం ఆగి, "అలాంటివి మనసులో పెట్టుకోకూడదమ్మా, పాజిటివ్‌గా ఉండాలి" అన్నాడు. ఆమె కూర్చుంది. శిక్షణ ముగిసింది. హాజరు పట్టీలో అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు.

ఆమె అడిగింది ఎదురు ప్రశ్న కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఒత్తిడి గురించి వైద్యశాస్త్రం, కార్మిక పరిశోధన, మన చరిత్ర ఏం చెబుతున్నాయో చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ముందే క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ: పనిచోట ఒత్తిడి రెండు రకాలు. ఒకటి విశ్రాంతితో తగ్గేది. రెండోది ఎంత విశ్రాంతి తీసుకున్నా తగ్గనిది. ఆ రెండింటినీ ఒకే మందుతో నయం చేయబోవడమే ఇలాంటి శిక్షణల్లో ఉన్న అసలు లోపం.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఒత్తిడి అనేది మనసులో పుట్టే ఊహ కాదు, శరీరంలో జరిగే పని. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లోనే దీన్ని ప్రయోగాల ద్వారా వివరించడం మొదలుపెట్టాడు. వీధికుక్క వెంటపడిందనుకోండి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. పరిగెత్తడానికో ఎదురు తిరగడానికో శరీరం చేసుకునే ఏర్పాటది. కుక్క పోయాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి.

కుక్క పోకపోతేనే చిక్కు. రోజూ తెల్లవారుజామున మస్టర్ దగ్గర నిలబడగానే "ఈరోజు ఏమంటారో, ఎక్కడ వేస్తారో, రేపు ఉంచుతారో తీసేస్తారో" అనే భయం మొదలైతే శరీరం ఎప్పుడూ పరుగుకు సిద్ధంగానే ఉండిపోతుంది. ఇలా ఏళ్ళ తరబడి పేరుకుపోయే అరుగుదలకు బ్రూస్ మెక్ఇవెన్, ఇలియట్ స్టెల్లార్ 1993లో 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టారు. బీపీ, షుగర్, గుండెజబ్బు, నిద్ర పట్టకపోవడం, దిగులు — వీటి వెనక ఈ అరుగుదల చాలాసార్లు కనిపిస్తుంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో 'బర్నవుట్' గురించి చెబుతూ, అది జబ్బు కాదని, పనికి సంబంధించిన పరిస్థితి అని స్పష్టం చేసింది. పనిచోట ఉన్న దీర్ఘకాలిక ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే అది వస్తుందని చెప్పింది. లోపం మనిషి గుండె నిబ్బరంలోనే లేదని, పనిని నడిపే తీరులోనూ ఉందని దీని అర్థం.

నాలుగు ప్రశ్నలు

ఒక ఉద్యోగం మనిషిని ఎంత నలిపేస్తుందో తెలుసుకోవడానికి పరిశోధకులు వేసిన ప్రశ్నలను మన మాటల్లో నాలుగుగా చెప్పుకోవచ్చు.

పని ఎంత? ఆ పని మీద నీకు అదుపు ఎంత? ఈ రెండూ రాబర్ట్ కరసెక్ 1979లో వేసిన ప్రశ్నలు. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువై, దాన్ని ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తన చేతిలో లేనప్పుడే ప్రమాదం అన్నాడాయన. పక్కన తోడు ఎవరు? 1988లో జాన్సన్, హాల్ ఈ ప్రశ్న కలిపారు. పడిన శ్రమకు దక్కింది ఏమిటి? ఇది 1996లో యోహానెస్ సీగ్రిస్ట్ వేసిన ప్రశ్న. ఆయన లెక్కలో 'దక్కింది' అంటే జీతం ఒక్కటే కాదు. ఉద్యోగ భద్రతా, గౌరవమూ అందులో భాగమే.

ఒత్తిడి అంటే పెద్ద కుర్చీలో కూర్చునే వాళ్ళ జబ్బు అని మనలో చాలామంది అనుకుంటారు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం దీనికి వ్యతిరేకమైన సంగతి చెప్పింది. మైకేల్ మార్మట్ బృందం పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా చూస్తే, కింది మెట్టులో ఉన్నవాళ్ళకే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. పని మీద అదుపు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణంగా తేలింది.

ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ పట్టుకుని గూడూరు చుట్టూ తిరుగుదాం. ఇది రైల్వే జంక్షన్. ఇక్కడ మున్సిపాలిటీ ఉంది, నిమ్మకాయల మార్కెట్ ఉంది. పడమట సైదాపురం వైపు పాత మైకా గనులు. తూర్పున చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వకాలు, సముద్రం దగ్గర రొయ్యల గుంటలు. శాసనసభలో ఇది ఎస్సీ రిజర్వుడు స్థానం.

చీపురు పట్టే మనిషికి తన వార్డు ఏదో తాను ఎంచుకునే వీలు లేదు. హాజరు కోసం ఫోన్‌కు ముఖం చూపాలి, నెట్ రాకపోతే జీతం కోతేమోనని భయపడాలి. సిలికా ఇసుకలో, క్వార్ట్జ్ రాళ్ళ దగ్గర పనిచేసే కూలీకి గాల్లో లేచే ధూళి మీద అదుపు లేదు. ఆ సన్నటి ధూళి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక పూర్తిగా నయం కాదు. "గాలి గట్టిగా పీల్చుకోండి" అనే సలహా అక్కడ చెప్పగలమా? రొయ్యల గుంట దగ్గర అడ్వాన్సు తీసుకుని కాపలా ఉండే యానాది కుటుంబానికి రాత్రికీ పగటికీ తేడా ఉండదు. ఆ బాకీ తీరేదాకా వేరే పనికి పోనివ్వకపోతే అది ఉద్యోగమే కాదు, 1976 చట్టం నిషేధించిన వెట్టి. నాలుగు ప్రశ్నల్లో ఏది వేసినా జవాబు ఒకవైపే వస్తుంది. పని ఎక్కువ, అదుపు తక్కువ, తోడు తక్కువ, దక్కేది తక్కువ.

కులం కలిపే బరువు

పై నాలుగు ప్రశ్నలూ పేద కార్మికులందరికీ వర్తిస్తాయి. మరి కులం వల్ల అదనంగా వచ్చేదేమిటి?

మొదటిది పని పంపకం. మురుగు పని ఎవరికి, కుర్చీ పని ఎవరికి అన్నది నోటిఫికేషన్‌లో రాసి ఉండదు, అయినా అందరికీ తెలుసు. దేశంలో మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే 38,000 మంది వివరాలను కేంద్ర ప్రభుత్వం 'నమస్తే' పథకం కింద నమోదు చేసింది. 2024లో బయటికి వచ్చిన ఆ లెక్కలో దాదాపు 69 శాతం మంది దళితులే. కులమంటే శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రమ చేసే మనుషుల్నే విభజించడమని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. తొంభై ఏళ్ళ తర్వాత కూడా ప్రభుత్వ లెక్కే దానికి సాక్ష్యం.

రెండోది అవమానం. సీగ్రిస్ట్ చెప్పిన మూడు ప్రతిఫలాల్లో గౌరవం ఒకటి కదా. దళిత ఉద్యోగికి జీతం పూర్తిగా అందినా ఆ మూడోది తరచూ అందదు. వేరే గ్లాసు ఒక రూపం. చదువుకున్న ఆఫీసుల్లో రూపం మారుతుంది. "కోటాలో వచ్చావా?" అన్న ప్రశ్న, ఇంటిపేరు అడిగి ఆగిపోయే సంభాషణ, భోజనాల వేళ ఖాళీగా మిగిలే పక్క కుర్చీ.

మూడోది అనుమానం. దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. మేస్త్రీ తిట్టాడు, అది పని సరిగా చేయలేదనా, కులం తక్కువనా? ప్రమోషన్ ఆగింది, అది సీనియారిటీ లెక్కా, ఇంకేదన్నానా? పక్కవాడికి ఒక తిట్టు ఒక తిట్టుతో అయిపోతుంది. మనకు ఆ తిట్టు ఇంటిదాకా వస్తుంది, పడుకున్నాక కూడా విడిపోదు. ఒక మాటను పదిసార్లు లోపల తిప్పి తిప్పి చూసుకోవడమే ఇంకో డ్యూటీ. దానికి ఓవర్‌టైమ్ ఇవ్వరు.

విశ్రాంతితో తగ్గని ఒత్తిడి అని మొదట్లో అన్నది దీన్నే. ఆదివారం సెలవు ఇస్తే ఒళ్ళు నొప్పులు తగ్గుతాయి. సోమవారం మళ్ళీ అదే గ్లాసు ఉంటుందని తెలిసిన మనిషికి ఆదివారం సాయంత్రమే గుండె బరువెక్కుతుంది.

బరోడా ఆఫీసు

ఈ సంగతి బాగా తెలిసిన ఉద్యోగి ఒకాయన ఉన్నారు. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఆయన బల్ల మీద ఫైళ్ళను నౌకర్లు దూరం నుంచి విసిరేవారని, ఆఫీసులో తాగడానికి నీళ్ళు కూడా దొరికేవి కావని జీవిత చరిత్రకారులు రాశారు. ఊళ్ళో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. పార్సీ పేరు చెప్పుకుని ఒక సత్రంలో ఉంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆ రోజు ఏడ్చానని ఆయనే తన స్వీయ అనుభవాల్లో రాసుకున్నారు.

అంత చదువు, అంత గుండె నిబ్బరం ఉన్న మనిషి ఉద్యోగం వదిలి బొంబాయి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆయన బలహీనుడు కాబట్టి ఏడ్చారని ఎవరైనా అనగలరా? ఏడ్చే పరిస్థితిలోకి నెట్టారు, ఏడ్చారు. ఈ కథలో మనకు అవసరమైన సంగతి ఆ తర్వాత ఉంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు ఆయన పట్టించుకున్నది పని గంటలు, గని కార్మికుల సంక్షేమం, ఆడవాళ్ళ ప్రసూతి సాయం. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించిన 1946 సవరణ ఆ కాలంలో తయారైనదే. ఒత్తిడికి మందు పనిచోటే వెతకాలన్నది ఆయన ఆచరణ. మన రాష్ట్రంలో 2025 జూన్‌లో మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఆ వార్తను ఆరోగ్య వార్తగా కూడా చదవాలి.

రెట్టింపు పని అనే ఉచ్చు

అవమానానికి మనలో చాలామంది కనిపెట్టుకున్న విరుగుడు ఒకటుంది. "వాళ్ళు వేలెత్తి చూపకుండా రెండింతలు పనిచేసి చూపిస్తా." రిజర్వేషన్‌లో ఉద్యోగానికి వచ్చిన మొదటి తరం వాళ్ళకు ఇది ఇంట్లో అమ్మానాన్నలు నేర్పే పాఠం కూడా. నాకూ నేర్పారు.

అమెరికాలో నల్లజాతి కార్మికుల మీద పనిచేసిన షెర్మన్ జేమ్స్ 1983లో దీని గురించి రాశాడు. జాన్ హెన్రీ అక్కడి జానపద గాథల్లో వీరుడు. రైలు సొరంగం తవ్వేచోట ఆవిరి యంత్రంతో పోటీపడి సుత్తితో గెలిచి, గెలిచిన చోటే కూలి చనిపోతాడు. ఎంత అడ్డంకి వచ్చినా ఇంకా గట్టిగా కష్టపడి నెగ్గుకురావాలనే ఆ పట్టుదలకు జేమ్స్ 'జాన్ హెన్రీయిజం' అని పేరు పెట్టాడు. అలాంటి పట్టుదల ఎక్కువగా ఉండి, చదువూ వనరులూ తక్కువగా ఉన్న నల్లజాతి పురుషుల్లో రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టు ఆయన చూశాడు. పట్టుదల చెడ్డదని కాదు. అండ లేని పట్టుదల ఒంటిని తినేస్తుందని దీని అర్థం.

ఇంకో విరుగుడు మందు సీసా. పని దిగగానే వాసన పోవడానికో, మాట మరిచిపోవడానికో మొదలవుతుంది. మురుగు పని తాగకుండా చేయలేమని చెప్పే కార్మికుల్ని నీతిబోధతో మార్చలేం. ముక్కుకు మాస్కు, చేతికి గ్లోవ్స్, మనిషి దిగాల్సిన పని లేని యంత్రం ఇవ్వకుండా మందు మానమంటే ఎవరు వింటారు? అయితే ఆ తాగుడు భారం చివరికి ఇంట్లో ఆడవాళ్ళ మీదే పడుతుంది. 1992లో ఇదే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు దాన్ని ఇంటి గొడవగా చూడలేదు, ఊరి సమస్యగా చూశారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒంటరిగా మోసే బరువును నలుగురి బరువుగా మార్చడం ఈ జిల్లాకు తెలియని విద్య కాదు.

ఫిర్యాదు చేస్తే పిచ్చి అంటే?

ఒత్తిడి గురించి మాట్లాడేటప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ సుధాకర్‌ను తలచుకోకుండా ఉండలేం. ఆయన నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టర్, దళితుడు. 2020 ఏప్రిల్‌లో కరోనా మొదట్లో ఎన్95 మాస్కులు, రక్షణ కిట్లు ఇవ్వడం లేదని బహిరంగంగా అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ రోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి పోలీసులు ఆయన్ను తీసుకెళ్ళిన వీడియో దేశమంతా చూసింది. తాగి గొడవ చేశారన్నది పోలీసుల మాట. అక్కణ్ణుంచి ఆయన్ను మానసిక వైద్యశాలకు చేర్చారు. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయారు.

ఆయన అడిగింది పనిచోట భద్రత. ఆ ప్రశ్న పక్కకు పోయి, ఆయన మనసు బాగుందా లేదా అన్నదే చర్చగా మారింది. 'మానసిక ఆరోగ్యం' అనే మాట మనిషికి సాయం చేయడానికీ పనికొస్తుంది, నోరు మూయించడానికీ పనికొస్తుంది. అందుకే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ మన కార్యకర్తలందరికీ తెలిసి ఉండాలి. సామాజిక హోదాను బట్టి గానీ, సమాజంలో చెలామణిలో ఉన్న నైతిక, సామాజిక, పని విలువలకు లోబడలేదన్న కారణంతో గానీ ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని అది చెబుతుంది. అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం కులం వల్ల వివక్ష లేకుండా మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ఈ రెండూ కలిపి చదవాలి. వైద్యం తీసుకోవడం మన హక్కు. ఫిర్యాదును జబ్బుగా చూపించడం మాత్రం చట్టానికే విరుద్ధం.

మరి ఏం చేయాలి

మొదటి పని విడదీయడం. ఒక వారం పాటు రోజూ రాత్రి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజు నన్ను అలసిపోయేలా చేసింది ఏది? నన్ను చిన్నబుచ్చింది ఏది? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులకు నిద్ర, తిండి, సెలవు, నడక, గాలి పీల్చే వ్యాయామం నిజంగానే పనికొస్తాయి. వాటిని తీసిపారేయకండి. నెమ్మదిగా గాలి వదలడం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఆ క్షణంలో నోరు జారకుండా కాపాడుతుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులకు మాత్రం కిందివి కావాలి.

రాసిపెట్టుకోవడం. తేదీ, వేళ, చోటు, అన్న మాట అన్నట్టే, అక్కడ ఉన్నవాళ్ళు ఎవరు. చదువు రాకపోతే పిల్లల చేత రాయించండి, లేదా ఫోన్‌లో సొంత గొంతుతో చెప్పి దాచుకోండి. ఇందులో రెండు లాభాలు. "ఇది నా అనుమానమా, నిజమా" అనే తిప్పట ఆగుతుంది, ఎందుకంటే నెల తర్వాత కాగితం మీద వరస కనబడుతుంది. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే ఆధారమవుతుంది.

ఒక్కరికైనా చెప్పడం. పనిచోట నమ్మకమైన ఒక్క మనిషి ఉన్నా ఒత్తిడి తీరు మారుతుందన్నది జాన్సన్, హాల్ చెప్పిన మూడో ప్రశ్న. ఇంట్లో చెప్పుకోలేని మగవాళ్ళకు ఇది మరీ అవసరం. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, చనిపోవాలని అనిపించినా అది ఓర్చుకునే దశ దాటినట్టు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైన ఉచిత ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే కాదు, "పనిచోట ఇలా జరుగుతోంది" అని కూడా చెప్పండి.

చట్టం పట్టుకోవడం. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్) ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళు మనల్ని నలుగురి కంటపడే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడం నేరం. 3(1)(ఎస్) ప్రకారం అలాంటి చోట కులం పేరుతో తిట్టడం నేరం. 'నలుగురి కంటపడే చోట' అన్న మాట ముఖ్యం. బయటివాళ్ళెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఈ సెక్షన్లు వర్తించవని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అంది. అందుకే సాక్షుల పేర్లు రాసుకోమన్నది. 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఈ నేరాల మీద ఫిర్యాదుకు సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, ఫోన్ నంబరు 15100. వేధింపు లైంగికమైనదైతే పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్ల, లేదా యజమానే వేధిస్తే జిల్లా స్థానిక కమిటీ చూడాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.

కేసు కూడా ఒత్తిడే. వాయిదాలు, రాజీ బేరాలు, "పని పోతుంది జాగ్రత్త" అనే మాటలు వస్తాయి. అందుకే ఒంటరిగా దిగకండి, వెంట సంఘాన్నో యూనియన్‌నో తీసుకెళ్ళండి. కేసు పెట్టని మనిషిని పిరికి అనకండి. ఎప్పుడు పెట్టాలో తేల్చుకునే అదుపు కూడా ఆ మనిషికే ఉండాలి.

కలిసి నిలబడటం. రాష్ట్రంలో మున్సిపల్ పారిశుధ్య కార్మికులు 2022 జూలైలో సమ్మె చేసి, నెలకు 15,000 జీతానికి తోడు 6,000 రూపాయల ఆరోగ్య భత్యాన్ని నిలబెట్టుకున్నారు. ఆ భత్యం పేరులోనే ఒక ఒప్పుకోలు ఉంది, ఈ పని ఆరోగ్యాన్ని తింటుందని ప్రభుత్వమే అంగీకరించినట్టు. 2023 డిసెంబరు చివర్లో సమాన పనికి సమాన వేతనం కోసం మళ్ళీ సమ్మెకు దిగారు. అదే నెల 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె ఎస్మా ప్రయోగించినా ఆగకుండా 42 రోజులు నడిచింది. అడిగినవన్నీ రాలేదు. కానీ నాలుగు ప్రశ్నల్లో మూడు — అదుపు, తోడు, దక్కేది — ఒక్కసారే కదిలేది సమ్మె టెంటు కిందే. మస్టర్ దగ్గర తల వంచుకునే మనిషి అక్కడ మైకు పట్టుకుంటుంది.

శిక్షణ పెట్టేవాళ్ళకు ఒక మాట

విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు ఇప్పుడు మానసిక ఆరోగ్యం మీద సమావేశాలు పెడుతున్నాయి. మంచిదే. ఆ సమావేశంలో ముందు కుర్చీలు గుండ్రంగా వేయండి. శ్వాస వ్యాయామం చివర్లో పెట్టండి, మొదట నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరేం చెప్పినా "పట్టించుకోకు" అనకండి. పట్టించుకోవడం వల్లే ఆ మనిషి ఇంకా నిలబడి ఉంది. సమావేశం అయ్యేలోపు మార్చగలిగే ఒక చిన్న విషయాన్ని తేల్చి, ఎవరు, ఎప్పటిలోగా, ఎవరిని కలిసి అడగాలో రాసుకోండి. విశ్రాంతి గది, బట్టలు మార్చుకునే చోటు, గ్లోవ్స్, వారపు సెలవు, ఒకే వరస గ్లాసులు — ఏదైనా సరే.

శిక్షణ అయ్యాక నేను ఆ అక్కను గేటు దగ్గర కలిశాను. "ఆయన జెప్పిన గాలి సంగతి రాత్రికి చేసి చూస్తాలే" అంది. "గ్లాసు సంగతి మాత్రం మేం నలుగురం కలిసి అడగాల." నాలుగు అంకెలు, నలుగురు మనుషులు. ఆమె ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే ఉంది. మొదటిది నేర్పడానికి చాలామంది వస్తున్నారు. రెండోదాని దగ్గర మనం ఉండాలి.